ప్రమాద ఫారంలో ఆఖరి గడి

నేను అబద్ధాలకోరునని ఇంగ్లీషులో, మూడు కాపీల్లో, కంపెనీ ముద్రతో సహా రాసిపెట్టిన మనిషి ఈ లోకంలో ఒక్కతే ఉంది. ఆవిడ మా వదిన. నన్ను తిట్టినవాళ్లు చాలామందే ఉన్నారు కానీ వాళ్లంతా నోటితో తిట్టి ఊరుకున్నారు. మా వదిన ఫైల్లో పెట్టింది.

మాది లిఫ్టులు బిగించి, బాగుచేసే కంపెనీ. అందులో నేను మెకానిక్కుని. మామూలు మెకానిక్కుని కాదు, జారిపోతున్న లిఫ్టుని ఒకసారి చిటికెన వేలితో ఆపినవాణ్ని. సాక్షులు లేకపోవడం నా దురదృష్టం. పదో తరగతి మధ్యలో బడికీ నాకూ పడలేదు, దాన్ని అక్కడే వదిలేసి వచ్చాను. బడి ఇప్పటికీ బెంగపెట్టుకునే ఉందని విన్నాను.

వదినది అదే కంపెనీ ఆఫీసులో, నాలుగో అంతస్తులో, కిటికీ పక్క బల్ల. ప్రమాదాల బల్ల అంటాం. పనిలో ఎవరి వేలు నలిగినా, ఎవరి కాలు బెణికినా, ఆ మనిషి చెప్పింది విని, ఫారం నింపి, పైఆఫీసుకి పంపడం ఆవిడ పని. పైఆఫీసు సముద్రం అవతల ఉంది. వాళ్లకి మన భాష రాదు కాబట్టి ఫారమంతా ఇంగ్లీషే. మూడు పేజీల ఆ ఫారంలో చివర ఒక గడి ఉంటుంది. పనివాడు చెప్పిన కారణం జరిగేలాంటిదేనా కాదా అన్నది, ఎందుకో చెప్తూ, ఒక్క వాక్యంలో, ఫారం నింపేవాళ్లు అక్కడ సొంత దస్తూరీతో రాయాలి. పైవాళ్లు ముందున్న మూడు పేజీలూ చదవరు. ఆ గడి ఒక్కటే చదువుతారు. అందులో 'ప్రాబబుల్' అనో, 'ఇంప్రాబబుల్ కాదు' అనో ఉంటే మనిషికి కంపెనీ ఆస్పత్రి ఉంటుంది, ఉద్యోగం ఉంటుంది. 'ఇంప్రాబబుల్' అని ఉంటే, అంటే అలా జరిగే అవకాశం బహు తక్కువ అని ఉంటే, తప్పు పనివాడిదే. పానాలూ స్క్రూడ్రైవర్లూ అప్పగించి సంచీ సర్దుకోవడమే. నావి చిన్న చిన్న గాయాలు కాబట్టి మందలింపులతో బయటపడ్డాను.

నా మీద ఆరుసార్లు ఆ గడి నిండింది. ఐదుసార్లు ఇంప్రాబబుల్. ఆ ఐదూ న్యాయమే, నాకు కోపం లేదు. ఆరోది చిలక కేసు.

ఒక అపార్ట్‌మెంటులో ఆరో అంతస్తు దగ్గర లిఫ్టు గుమ్మం సరిచేస్తున్నాను. పైన మెషిన్ రూములో మా మేస్త్రీ ఉన్నాడు. నేను కిందినుంచి "పైకి లాగు!" అని అరిస్తే ఆయన పైకి లాగాలి. నేను అరవలేదు. కాలు ఇంకా గుమ్మంలోనే ఉంది. అయినా అచ్చం నా గొంతుతో "పైకి లాగు!" అని ఎవరో అరిచారు. లిఫ్టు డబ్బా కదిలింది, నా బొటనవేలు నలిగింది. ఎదురింట్లో పంజరంలో చిలక. పదిహేను రోజులుగా మమ్మల్ని వింటోంది.

ఆఫీసులో ఇది చెప్పగానే నవ్వాపుకోలేక ఒకాయన కుర్చీలోంచి జారాడు. వదిన నవ్వలేదు. 'ఇంప్రాబబుల్' అని పెన్సిలుతో రాసింది. పెన్నుతో కాదు, గమనించండి. మధ్యాహ్నం భోజనం డబ్బా పట్టుకుని ఆ అపార్ట్‌మెంటుకి వెళ్లి, ఆరంతస్తులూ మెట్లెక్కి, ఆ ఇంట్లో గంటసేపు కూర్చుంది. చిలక ముందు "ఎవరండీ" అందట. తర్వాత "పాలు పొంగుతున్నాయ్" అందట. ఆ తర్వాత "పైకి లాగు!" అని, చివర నేను దగ్గినట్టే దగ్గిందట. వదిన వచ్చి పెన్సిలు చెరిపి, పెన్నుతో 'ఇంప్రాబబుల్ కాదు' అని రాసింది.

"నిజమని తేలింది కదా. కనీసం ఇప్పుడైనా నవ్వొచ్చుగా వదినా."

"ఫారంలో నవ్వుకి గడి లేదు మరిదీ."

అదీ మా వదిన. లిఫ్టుల కంపెనీలో పనిచేస్తూ లిఫ్టు ఎక్కని ఏకైక మనిషి. వేడి టీ ఇచ్చినా, చల్లారింది ఇచ్చినా ఒకేలా తాగుతుంది. కూరలో ఉప్పు వెయ్యడం మరిచిపోయానని మా అమ్మ నాలుక కరుచుకుంటే, "వెయ్యలేదా?" అంటుంది, అప్పటికి తన కంచం ఖాళీ అయిపోయి ఉంటుంది. వాన పడితే తడుస్తుంది, ఎండ కాస్తే ఆరుతుంది, రెంటి గురించీ ఏమీ అనదు. పద్దెనిమిదేళ్లుగా ఇంతే.

పద్దెనిమిదేళ్ల కింద మా అన్నయ్య పోయాడు. వాడూ లిఫ్టు మెకానిక్కే, ఇదే కంపెనీ. ఒక బట్టల షోరూములో మెయిన్ ఆపేసి, ఖాళీ డబ్బా మీదకెక్కి పనిచేస్తుంటే, కరెంటు లేని లిఫ్టు పైకి జారి వాణ్ని కప్పుకి నొక్కేసింది. లిఫ్టు కిందికి కదా పడాలి అంటారు మీరు. అందరూ అదే అంటారు. తాడుకి ఒక కొసన డబ్బా ఉంటే రెండో కొసన ఇనప దిమ్మలు ఉంటాయి, ఖాళీ డబ్బా కంటే వాటి బరువే ఎక్కువ. పట్టుకునే బ్రేకు లేకపోతే దిమ్మలు దిగుతాయి, డబ్బా ఎక్కుతుంది. ఇది నా కోతల్లోది కాదు, ఏ మెకానిక్కునైనా అడగండి.

ఆ బ్రేకుకి రెండు ఇనప చేతులుంటాయి. తాళ్లు తిప్పే చక్రం పక్కనున్న డ్రమ్ముని చెరోవైపు నుంచి బిగించి పట్టుకుంటాయి. ఒకటి జారినా రెండోది ఆపుతుంది. ఆ రోజు రెండూ ఆపలేదు. పైన మెషిన్ రూములో ఉన్న మేస్త్రీ, ఈ మేస్త్రీనే, తనకేం కనపడలేదన్నాడు. ప్రమాదాల బల్ల దగ్గర అప్పుడున్న గుమాస్తా ఆఖరి గడిలో రాశాడు: "రెండు చేతులూ ఒకేసారి జారడం ఇంప్రాబబుల్, కాబట్టి మెకానిక్కే బ్రేకు సడలించి, బిగించడం మరిచి డబ్బా ఎక్కాడు."

ఆ కాపీ ఒకటి ఇంటికొచ్చింది. ఇంట్లో ఇంగ్లీషు కాయితం పట్టుకోగలవాణ్ని నేనే. మా అమ్మ గోడకి ఆనుకుని ఉంది. వదిన చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

"ఈ మాటకి అర్థం ఏంటి మరిదీ?" ఆ గడిలో మధ్య మాట మీద వేలు పెట్టింది.

నాకేం తెలుసు. కానీ తెలియదని చెప్పే అలవాటు నాకు లేదు. "అంటే... సాటిలేని పనివాడు అని వదినా. మనవాణ్ని మెచ్చుకున్నారు."

వదిన ఆ కాయితం మడిచి బీరువాలో పెట్టింది. రెండు నెలలు అలాగే ఉంది. తర్వాత ఒకరోజు వీధి చివర టైపు ఇన్‌స్టిట్యూట్లో చేరింది. వారం తిరక్కుండా ఇంటికొచ్చి చెప్పులు విప్పుతూ అంది, "నువ్వు చెప్పిన అర్థం డిక్షనరీలో లేదు మరిదీ." అంతే. గట్టిగా కూడా అనలేదు. ఒక చెంపదెబ్బ కొట్టి ఉంటే ఈపాటికి మరిచిపోయేవాణ్ని.

ఆ ఇన్‌స్టిట్యూట్ మాస్టారుది ఒక పద్ధతి ఉండేది. ఒక మాట నీదవ్వాలంటే దాంతో పది వాక్యాలు రాయి, అది కూడా నీ ఇంట్లోవే రాయి అనేవాడట. వదిన రూళ్ల నోటుబుక్కులో ఇంప్రాబబుల్‌తో పది రాసింది. ఆ పుస్తకం నేను తర్వాత దొంగతనంగా చూశాను. "రేపు రెండూ మూడూ కలిపితే ఆరవడం ఇంప్రాబబుల్." దీని మీద మాస్టారు సున్నా చుట్టి, ఇది ఎప్పటికీ అవదు, అవదు అనేదానికి ఈ మాట వాడకూడదు, అరుదుగానైనా జరగగలదానికే వాడాలి అని రాశాడు. "మా మరిది మళ్లీ పరీక్షకి కట్టి పదో తరగతి పాసవడం ఇంప్రాబబుల్." దీనికి పెద్ద టిక్కు, పక్కన 'చాలా బాగుంది' అని మెచ్చుకోలు. నన్ను చూడనైనా చూడని మనిషి!

పదో వాక్యం: "మా ఆయన తిరిగి రావడం ఇంప్రాబబుల్."

మాస్టారు ఆ మాట ఎర్ర పెన్సిలుతో కొట్టేసి కింద రాశాడు, 'ఈ మాట ఇక్కడ తప్పు.' ఆ తర్వాత పేజీలన్నీ ఖాళీ.

ఏడేళ్లకి వదిన అదే కంపెనీలో టైపిస్టుగా చేరింది, ఇంకో నాలుగేళ్లకి అదే బల్ల దగ్గర కూర్చుంది. ఆ కుర్చీ కోసం అడిగిందో, దానంతటదే వచ్చిందో నాకు తెలియదు. కూర్చున్నాక మాత్రం ఆ మాటని ఎక్కడ వాడాలో అక్కడే వాడింది. ఒక్కచోట కూడా ఎక్కువ కాదు, ఒక్కచోట కూడా తక్కువ కాదు.

ఇక అసలు సంగతి.

మొన్న ఎండాకాలం, తొమ్మిదంతస్తుల ఆఫీసు భవనం. అన్నయ్య పోయిన లిఫ్టు ఏ మోడలో ఇదీ అదే మోడలు. ఈసారి డబ్బా మీద మేస్త్రీ, మెషిన్ రూములో నేను. మెయిన్ ఆపే ఉంది. ఉదయం పదకొండు. కింద మేస్త్రీ ఏదో పాట కూనిరాగం తీస్తున్నాడు, నాకు వినపడుతోంది. ఉన్నట్టుండి పాట ఆగింది. తర్వాత కేక.

డబ్బా కప్పుదాకా పోయింది. మేస్త్రీ సన్నటి మనిషి కాబట్టి మూలకి దొర్లి పడుకున్నాడు, ప్రాణం దక్కింది. కుడి కాలు తొడ దగ్గర్నుంచి నుజ్జయింది. మేం స్ట్రెచర్ మీద దింపుతుంటే నా కాలరు పట్టుకుని దగ్గరికి లాగాడు. నొప్పికి పెదాలు తెల్లబడి ఉన్నాయి.

"బ్రేకు తుడవకు. ఎవడు చెప్పినా తుడవకు. తాళం వేసెయ్."

తాళం వేసి ఆఫీసుకి వెళ్లాను. వదిన కొత్త ఫారం తీసి తేదీ వేసి ఉంచింది.

"నువ్వేం చూశావు? చూసింది చూసినట్టు చెప్పు మరిదీ. నీ సొంతం కలపకు."

"చక్రం తిరుగుతోంది వదినా. బ్రేకు మూసే ఉంది. రెండు చేతులూ పట్టుకునే ఉన్నాయి, వాటి మధ్య డ్రమ్ము తిరిగిపోతోంది."

"నువ్వేం చేశావు?"

"నిలబడ్డాను."

"అంతేనా?"

"అంతే. నోరు తెరుచుకుని నిలబడ్డాను."

పెన్ను ఆపి నా మొహంలోకి చూసింది. "అయితే నిజమే చెప్తున్నావు," అని రాసుకుంది.

ఇంతలో మా మేనేజరు వచ్చాడు. కొత్త మనిషి, కుర్రాడు, చేరి ఎనిమిది నెలలు. వదిన అంటే గౌరవం. ఆవిడ బల్ల దగ్గరికొస్తే చేతులు కట్టుకునే నిలబడతాడు.

"మేడమ్, పైనుంచి రెండుసార్లు ఫోనొచ్చింది. నాలుగింటికల్లా పంపెయ్యాలట. మీరేం బుర్ర బద్దలు కొట్టుకోవద్దు, నేను కింద స్టోర్లో వెతికించాను. ఇదే మోడలు, అచ్చం ఇలాంటి కేసే, పాతది ఒకటి దొరికింది." దుమ్ము దులిపి ఒక ఫైలు బల్ల మీద పెట్టాడు. "ఆఖరి గడిలో వాక్యం ఇందులోది ఎత్తి రాసెయ్యండి. మంచి ఇంగ్లీషు. వాళ్లకీ ఇదే కావాలి."

ఫైలు మీద పేరు ముందు నాకే కనపడింది. మా ఇంటిపేరు, మా అన్నయ్య పేరు. ఏదో అనబోయాను. వదిన నావైపు చూడకుండానే చెయ్యి కొంచెం ఎత్తింది, ఆగమన్నట్టు. ఫైలు తెరిచి చివరి పేజీకి వెళ్లింది.

"బాగుంది కదా మేడమ్?"

"ఈ వాక్యం నాకు నోటికొచ్చండి," అంది వదిన.

"ఓ, అయితే ఇంకేం! మేస్త్రీది పాపం, పాతమనిషి, కానీ రెండు చేతులూ ఒకేసారి జారాయంటే ఎవరు నమ్ముతారు చెప్పండి. పైగా సాక్షి ఎవరంటే..." నన్ను చూసి మాట మింగేశాడు.

"చెప్పండి సార్, మొహమాటం దేనికి," అన్నాను. "పోయిన నెల మీతో నేనే చెప్పానుగా, పిడుగుపడి లిఫ్టు పదమూడో అంతస్తుకి పోయిందని, పన్నెండంతస్తుల బిల్డింగులో."

ఆ క్షణం నా జన్మలో మొదటిసారి, చెప్పిన కోతలన్నీ వెనక్కి మింగగలిగితే బాగుండుననిపించింది. నేను నిజం చూశాను, ఒక మనిషి కాలూ కూడూ దాని మీద ఆధారపడి ఉన్నాయి, నా నోటికి విలువ లేదు.

మేనేజరు వెళ్లాక మేస్త్రీ బ్రేకు తుడవొద్దన్న సంగతి వదినతో చెప్పాను. పెన్నుకి మూత పెట్టింది. ఫైలు చంకలో పెట్టుకుని లేచింది.

తొమ్మిదంతస్తులు. లిఫ్టు ఆపేశాం కాబట్టి ఈసారి నాకూ మెట్లే. వదిన ఎక్కడా ఆగలేదు, ఐదో అంతస్తు దగ్గర నేనే గోడ పట్టుకున్నాను. "వదినా, నా గుండె ఆగితే ప్రాబబుల్ అని రాయి," అన్నాను. "ముందు ఎక్కు," అంది.

తాళం తీశాను. మెషిన్ రూములో వేడి, గ్రీజు వాసన. మోటారు వైపు నుంచి సన్నగా నూనె కారి డ్రమ్ము చుట్టూ మెరుస్తోంది. ఇరుసు దగ్గర నూనెని ఆపాల్సిన ఆయిల్ సీలు అరిగి పగిలింది. వదిన వేలితో డ్రమ్ము మీద రాసి, రెండు వేళ్ల మధ్య రుద్ది, వెలుగులో చూసింది.

"రెండు చేతులూ విడివిడిగా ఒకేసారి పాడవడం అరుదే," అంది, పేపరు చదువుతున్నట్టు. "కానీ రెండూ పట్టుకునేది ఒకే డ్రమ్ముని. తడిసింది డ్రమ్ము."

"మరి అన్నయ్యప్పుడు నూనె లేదుగా వదినా. ఎవరూ చూళ్లేదుగా."

వదిన వేలు రుమాలుకి తుడుచుకుంది. "తుడవకు అని చెప్పాలని ఎవరికి తోస్తుంది మరిదీ?"

నాకు అర్థం కావడానికి మూడంతస్తులు దిగాల్సొచ్చింది. ఆరో అంతస్తు మెట్ల మీద కూర్చుండిపోయాను. నాకు పానా పట్టుకోవడం నేర్పింది ఆ మేస్త్రీ. పండక్కి నాకు చొక్కా కుట్టించేది ఆ మేస్త్రీ. వదిన నన్ను దాటి నాలుగు మెట్లు దిగి, వెనక్కి తిరిగి, "టైము రెండవుతోంది," అంది.

ఆస్పత్రిలో మేస్త్రీ కాలు పైకి వేలాడగట్టి ఉంది. ముక్కు మీద చెమట. వదిన స్టూలు లాక్కుని కూర్చుని ఫారం ఒళ్లో పెట్టుకుంది. ఎవరితోనైనా ఎలా కూర్చుంటుందో అలాగే.

"ఆ రోజు డ్రమ్ము మీద నూనె ఉందా అండీ?"

ఏ రోజని ఆయన అడగలేదు. కప్పు వైపు చూశాడు. "ఉంది," అన్నాడు.

"ఎవరు తుడిచారు?"

"నేనే అమ్మాయ్."

"ఎందుకు?"

"వారం వారం సీలు చూడాల్సింది నేను. ఆ వారం చూళ్లేదు. కేక వినగానే కాళ్లూ చేతులూ ఆడలేదు. కంటి ముందు నూనె. గుడ్డ తీసి తుడిచేశాను. గుడ్డ జేబులో కుక్కుకుని కిందికొచ్చేసరికి వాణ్ని బయటికి తీస్తున్నారు." ఎడమచేత్తో ముక్కు మీద చెమట తుడుచుకున్నాడు. "చెప్దామనే అనుకున్నా. రోజూ అనుకున్నా. రోజూ రేపు చెప్దామనుకున్నా."

"గుడ్డ ఏం చేశారు?"

"ఏంటమ్మా?"

"గుడ్డ."

"పొయ్యిలో పడేశాను."

వదిన రాసుకుంది. 'గుడ్డ: పొయ్యిలో' అని. మామూలుగా ఏడుగుర్ని ఒంటిచేత్తో మట్టికరిపించినట్టు చెప్పుకునేవాణ్ని, ఆ గదిలో వదిన సంచీ పట్టుకుని నిలబడ్డాను. కొట్టాలనిపించలేదు. ఏడవాలనీ అనిపించలేదు. సంచీ బరువుగా ఉందని మాత్రం తెలుస్తోంది.

"చూడండి," అంది వదిన. "ఈ రోజు నూనె సంగతి ఒక్కటే రాస్తే మీకు ఆస్పత్రి ఉంటుంది, ఉద్యోగం ఉంటుంది. నేను వెళ్లి చూసొచ్చాను, నూనె ఉంది. ఆ రోజుది కూడా రాస్తే ఆస్పత్రి ఉంటుంది కానీ ఉద్యోగం ఉండదు. సాక్ష్యం తుడిచేసినవాణ్ని ఉంచుకోరు. ఏది రాయమంటారు?"

"నన్నడుగుతావేంటమ్మాయ్?"

"ఈ మూడు పేజీలు మీవండి. మీరు చెప్పిందే రాయాలి. ఆఖరి గడి ఒక్కటే నాది."

"వదినా!" అన్నాను. ఎందుకన్నానో నాకే తెలియదు. అన్నయ్య మీద పడ్డ మచ్చ ఈ ఒక్క కాయితంతో పోతుంది. అది పోవాలో వద్దో తేల్చమని, ఆ మచ్చ పులిమిన మనిషి చేతికే ఇస్తోంది. వదిన నావైపు తిరగలేదు. మేస్త్రీ కళ్లు మూసుకున్నాడు. పక్క మంచం ముసలాయన ఎవరినో నీళ్లు అడుగుతున్నాడు. నర్సు వచ్చి సెలైన్ సీసా మార్చి వెళ్లింది. వదిన వాచీ వైపు కూడా చూడకుండా కూర్చుంది.

"రాయి," అన్నాడు మేస్త్రీ.

"ఏది?"

"రెండూ."

కుడిచేతికి సూది ఉంది. ఎడమచేత్తో, చిన్నపిల్లాడు బలపం పట్టుకున్నట్టు పెన్ను పట్టుకుని, మూడు చోట్ల సంతకం పెట్టాడు. వదిన ఫారం సర్ది, లేచి, కాళ్ల దగ్గర జారిన దుప్పటి సరిచేసింది. ఎవరి దుప్పటి జారినా అలాగే చేస్తుంది, అందులో ఏమీ వెతక్కండి.

నాలుగవడానికి పది నిమిషాలు ఉందనగా బల్ల దగ్గర కూర్చుని ఆఖరి గడి నింపింది. పెన్సిలు తియ్యలేదు. నేరుగా పెన్నే. రాశాక నాకు చదివి వినిపించింది: "రెండు చేతులూ ఒకేసారి జారడం ఇంప్రాబబుల్ కాదు, ఎందుకంటే ఇదే మోడలులో ఇదే కారణంతో మన కంపెనీలో ఇంతకుముందే జరిగింది, పాత ఫైలు జతపరిచాను."

మేనేజరు నిలబడే చదివాడు. "మేడమ్, ఇదేంటి? పాత వాక్యం ఎత్తి రాయమన్నాను కదా!"

"ఎత్తే రాశానండి. తప్పున్న చోట సరిచేశాను."

"దీనికి ఈ మోడలు లిఫ్టులన్నీ ఆపాల్సొస్తుంది తెలుసా? ఎన్ని ఉన్నాయో..." అంటూ పాత ఫైలు అట్ట తిప్పి, పేరు చూసి, మళ్లీ వదిన బల్ల మీద పేరుబిళ్ల చూశాడు. ఇంటిపేరు దగ్గర కళ్లు ఆగాయి. "ఇది... మీ..."

"అవునండి. మా ఆయనదే."

పాపం, అతనికి కూర్చోడానికి కుర్చీ కూడా దొరకలేదు. నేనే ఒకటి జరిపాను. కాసేపటికి అతనే ఆ కాయితాలు కవర్లో పెట్టి, అంటించి, పంపించాడు. ఆ మాత్రం మంచివాడు. నేను ఎవరినీ ఊరికే పొగడను.

ఇరవై మూడు రోజులకి జవాబొచ్చింది. ఆ మోడలు లిఫ్టులన్నీ ఆపి సీళ్లు మార్చాలి, నూనె డ్రమ్ము మీదకి పోకుండా రేకు బిగించాలి. మేస్త్రీకి కాలు నయమయ్యేదాకా కంపెనీ ఆస్పత్రి. నయమయ్యాక పనిలోకి రానక్కర్లేదు. ఆయన ఇప్పుడు కర్ర పట్టుకుని నడుస్తున్నాడు. ఇంటి అరుగు మీద కూర్చుని కుట్టుమిషన్లు బాగుచేస్తాడు. ఆదివారాలు నేను వెళ్తాను, ఎదురుగా కూర్చుంటాను. ఇద్దరం పెద్దగా మాట్లాడం. ఒకసారి వదిన గురించి అడిగాడు. బాగానే ఉంది అన్నాను. తల ఊపి, సూది మర బిగించుకున్నాడు.

ఆయన్ని క్షమిస్తావా అని వదినని నేనే అడిగాను, కూరగాయలు తరుగుతుంటే. తరగడం ఆపకుండా, "ఇంప్రాబబుల్," అంది. ఆ మాట అవనే అవనిదానికి ఆవిడ వాడదని నాకు తెలుసు. అందుకని రెండోసారి అడగలేదు.

జవాబుతో పాటు వదిన పేరు మీద విడిగా ఇంకో ఉత్తరం వచ్చింది. మందపాటి కాయితం, పైన బంగారు రంగు ముద్ర. ఈసారి నేను చదవగలను, ఇన్నేళ్లలో ఆ మాత్రం నేర్చుకున్నాను. "మీ భర్త అజాగ్రత్త వల్ల ప్రమాదం జరిగి ఉండటం ఇంప్రాబబుల్ అని మేమిప్పుడు భావిస్తున్నాం."

"వదినా! ఒప్పుకున్నారు! సముద్రం అవతలివాళ్లు ఒప్పుకున్నారు!" ఆఫీసంతా తిరిగి చూసేలా అరిచాను.

వదిన ఉత్తరం నా చేతిలోంచి తీసుకుంది. ఒకసారి చదివింది. సొరుగు లాగి, వెతికి, ఎర్ర పెన్సిలు బయటికి తీసింది. ఆ మాట మీద నెమ్మదిగా, స్కేలు పెట్టి మరీ, ఒక గీత గీసింది.

"ఈ మాట ఇక్కడ తప్పు," అంది.

పైన ఇంగ్లీషులో ఇంకో మాట రాసింది, చిన్నది. ఫాల్స్. అబద్ధం. అంత సూటి మాట ఆఫీసు కాయితం మీద ఆవిడ రాయడం నాకు తెలిసి అదే మొదలు. పంచ్ మెషిన్‌తో రెండు చిల్లులు పొడిచి, ఉత్తరాన్ని అన్నయ్య ఫైల్లో అన్నిటికంటే పైన పెట్టి, తాడు ముడేసింది. కళ్ల వైపు చూశాను. పొడిగా ఉన్నాయి. ఆ రోజు ఇంటికెళ్లి మా అమ్మకి నేనే చెప్పాను. అమ్మ చాలాసేపు ఏడ్చింది. వదిన గ్లాసుతో నీళ్లు తెచ్చిచ్చి, తాగేదాకా పక్కన నిలబడి, ఖాళీ గ్లాసు పట్టుకెళ్లి కడిగి బోర్లించింది.

అంతకుముందు, ఆఫీసు అయ్యాక, ఐదున్నరకి ఇద్దరం బయల్దేరాం. నాలుగో అంతస్తు. నేను పరుగెత్తి బటన్ నొక్కి, తలుపు మూసుకోకుండా భుజం అడ్డం పెట్టి, రాజుగారి రథసారథిలా వంగాను.

"రా వదినా. ఈ ఒక్కరోజూ. దీని బ్రేకు స్వయంగా నేనే బిగించాను."

"అందుకే రాను మరిదీ," అంది.

చెప్పుల చప్పుడు మెట్ల మీద కిందికి పోయింది, రోజూ పోయినట్టే, ఒక్కో అంతస్తు దగ్గర మలుపు తిరుగుతూ. నేను కాసేపు అలాగే నిలబడ్డాను. తర్వాత లిఫ్టు వదిలేసి, ఆ వెనకే దిగాను.